దేశాలు తిరిగేవాళ్ళ దేవుళ్ళు

నాకు భూగోళం చెప్పింది మా నాన్నగారు. నన్ను బడికి పంపలేదు. పొద్దున్న పూజ అయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి అమరం, ఎక్కాలు, కాస్త భూగోళం చెప్పేవారు. ఆ భూగోళంలో నడిమధ్య జంబూద్వీపం, దాని చుట్టూ ఉప్పు సముద్రం, ఆపైన చెరకురసం సముద్రం, ఇంకా అవతల నేతి సముద్రం ఉండేవి. మిగతా దేశాల సంగతి గోపన్‌పల్లి అపార్టుమెంటుకి వచ్చాకే తెలిసింది. అదీ దేవుళ్ళ పుణ్యమే.

మా ఇంట్లో శాలగ్రామం ఉంది. గండకీ నదిలో దొరికే నల్లటి గుండ్రాయి, మాకు సాక్షాత్తూ విష్ణుమూర్తి. ఆడవాళ్ళు తాకకూడదంటారు కాబట్టి అభిషేకం మా ఆయన చేస్తారు, వండి నైవేద్యం పెట్టడం నా పని. నాకు అన్నదమ్ములు లేకపోవడంతో మా నాన్నగారు ఆ మూర్తిని మాకే అప్పగించారు. అప్పగిస్తూ ఒక్క మాటే అన్నారు: "ఒక్క పూట కూడా పస్తు ఉంచకు." అందుకని పెళ్ళయినప్పటినుంచీ మేమిద్దరం కలిసి ఊరెళ్ళింది లేదు. అమ్మాయి కాన్పుకి నేను వెళితే ఆయన ఉన్నారు. ఆఫీసు పని మీద ఆయన వెళితే నేను ఉండి, తులసిదళంతో పైనుంచి నీళ్ళు చిలకరించి సరిపెట్టాను.

అలా ఇల్లు కదలని మనుషులమని పేరు పడింది. ఈ చుట్టుపక్కల అది అరుదైన సరుకు. నానక్‌రామ్‌గూడ టవర్లలో పనిచేసేవాళ్ళకి శనాదివారాలకి ఇంకో సెలవు కలిస్తే చాలు, ఏదో ఒక దేశం వెళ్ళిపోతారు. వెళ్ళేముందు పాలు ఆపుతారు, పేపరు ఆపుతారు. దేవుణ్ణి ఆపడం కుదరదు. మొదట తొమ్మిదో అంతస్తు ఆవిడ తన బాలకృష్ణుణ్ణి తెచ్చింది, ఉయ్యాలతో సహా. పొద్దున్న కాస్త వెన్న పెట్టి రాత్రి దుప్పటి కప్పితే చాలంది, అస్సలు అల్లరి చెయ్యడంది. ఆ కబురు లిఫ్టులో పైకీ కిందకీ పాకింది. కొన్ని వేసవుల్లో మా పూజగదిలో దేవుళ్ళు ఎక్కువైపోయి, నేను గుమ్మం బయట కూర్చుని స్తోత్రం చదువుకునేదాన్ని. ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో, నేను ఏ క్షేత్రానికీ వెళ్ళకుండానే ఇంతమంది నా దగ్గరికి వచ్చారు.

తిరిగొచ్చినవాళ్ళు దేవుణ్ణి తీసుకెళ్ళేటప్పుడు ఫ్రిజ్జుకి అంటించే బొమ్మ ఒకటి ఇచ్చి, ఫోనులో దేశం చూపించేవారు. అలా నాకు అర్థమైన భూగోళం ఇది. ప్రతి దేశంలోనూ ఒక ఎత్తైన కట్టడం ఉంటుంది. దూరంగా నిలబడి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు ఫొటో దిగాలి. ఒక పెద్ద బజారు ఉంటుంది, అక్కడ బేరమాడాలి. ఒక చోట మన ఇడ్లీ దొరుకుతుంది. అది దొరికిన వైనం కట్టడం కంటే ఎక్కువసేపు చెప్పాలి. దేశం ఎలా ఉందండీ అంటే, "చాలా నీట్‌గా ఉందండి" అనేవారు. ఏ దేశమైనా అంతే.

మా ఆయన రిటైరయ్యాక, పాత ఆఫీసువాళ్ళు కొందరు దంపతులుగా నేపాల్ యాత్ర పెట్టుకున్నారు. అందులో ముక్తినాథ్ ఉంది, గండకీ నది ఉంది. ఆయన ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒకనాడు అభిషేకం చేస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నారు:

"ఇన్నేళ్ళూ ఈయనకి స్నానం చేయించాను. ఈయన పుట్టినచోటు ఒకసారి చూడాలని ఉంది."

ఆయన నోట ఏదైనా కావాలన్న మాట నేను విన్నది తక్కువ. వెళ్ళి తీరాలనుకున్నాను. కానీ వెళితే, దేవుడికి ఎవరు పెడతారు?

వెంట తీసుకెళ్ళొచ్చా అని యాత్ర నడిపే ఆయన్ని అడిగాం. తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్‌వాళ్ళు అలాంటి రాళ్ళ గురించి అడిగితే అడగొచ్చు, ఇది అక్కడ కొన్నది కాదు ఇంటినుంచి తెచ్చుకున్నదే అనడానికి రసీదు ఏమైనా ఉందా అన్నాడు. మా ముత్తాతగారు రసీదు తీసుకోలేదు.

ఇక మాకు దేవుళ్ళని అప్పజెప్పినవాళ్ళనే అడుగుదామని తొమ్మిదో అంతస్తుకి వెళ్ళాను. నేపాల్ అనగానే ఆవిడ ఎంతో సంతోషించి, మొదటిసారి కదా అని కూర్చోబెట్టి, ఏం చూడాలో ఏం చెయ్యాలో అన్నీ చెప్పింది. ఖాట్మండూలో దిగగానే సిమ్ కొనాలి. పొఖరాలో పడవెక్కాలి. చీకటితోనే లేచి కొండెక్కి, మంచు శిఖరాల మీద తొలి ఎండ పడటం చూడాలి, మబ్బు లేకపోతే. రుద్రాక్షలు మొదటి కొట్లో కొనకూడదు. అన్నీ చెప్పి, నా ఆనందం మరీ ఎక్కువైపోతుందనుకుందో ఏమో, "అయినా పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు కదండీ. టైమ్ కూడా మనకంటే పావుగంటే ముందు. అది ఫారిన్ కిందకి రాదులెండి, ప్రాక్టీసు అనుకోండి" అంది.

అప్పుడు అసలు సంగతి చెప్పాను. ఆవిడకి ఆ వారమే ఆఫీసులో రిలీజ్ ఉందిట. వంటమనిషి మానేసిందిట. పైగా శాలగ్రామం అంటే భయంట. "మా వాడైతే చిన్నపిల్లాడు, ఎక్కడైనా అడ్జస్టయిపోతాడండి. మీ దేవుడు పెద్దాయన కదా" అంది. జీడిపప్పు, కిస్‌మిస్ ఒకేసారి ఎక్కువగా పెట్టేసి వెళ్ళకూడదా అని కూడా అడిగింది.

ఇంకొందరిని అడిగాను. ఒకరు పూజగదిలో కెమెరా పెట్టుకుని, నేపాల్ నుంచి వీడియోలో నైవేద్యం చూపించమన్నారు. ఇంకొకరింట్లో మడి కుదరదట. ఆ మడి కుదరని ఇంటి దేవుడే కిందటి నెల మా ఇంట్లో వారం ఉండి వెళ్ళాడు. ఎవర్నీ తప్పుపట్టను. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు, ఏం చూడాలో చెప్పారు. దేశం మొత్తం తెలిసిపోయింది, వెళ్ళే దారే లేదు.

మా ఆయన ఆ కాగితం జేబులోంచి తీసి బీరువాలో పెట్టారు.

ఆ సాయంత్రం తులసి కోసం కిందకి దిగితే మొదటి అంతస్తు ఆవిడ కనిపించింది. ఈ అపార్టుమెంటు లేచింది వాళ్ళ పొలంలోనే. లిఫ్టు ఉన్నచోట తమ బావి ఉండేదని కొత్తగా దిగినవాళ్ళందరికీ చెబుతుంది. మామగారు తాళ్ళెక్కి కల్లు గీసిన మనిషి. ఇప్పుడు ఆయనా లేడు, తాళ్ళూ లేవు, బదులుగా ఫ్లాట్లు వచ్చాయి. నన్ను చూసిన తొలిరోజే 'అక్కా, నువ్వు' అంది. నేను ఇప్పటికీ 'మీరు' అనే అంటాను.

"మొగం గట్లెందుకు పెట్టినవక్కా?" అంది.

చెప్పాను. అంతా విని, "గంతేనా? నేను పెడ్త. ఏం తింటడు మీ దేవుడు?" అంది.

ఆదివారాలు వాళ్ళ గుమ్మం ముందునుంచి వెళ్ళాల్సి వస్తే మాంసం వాసనకి నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాను. ఎవరూ చూడలేదనుకునేదాన్ని.

"మా ఇంట్ల కూర వండుతరనే గద నీ పరేషాన్? నువ్వొచ్చేదాంక వండ. అయినా నేను పెడితే తిననంటే, గా మాట ఆయననే చెప్పమను."

ఇంటికెళ్ళి దీపం పెట్టి ఆయన్నే అడిగాను. ఆయన ఏమీ అనలేదు. మౌనం అంగీకారమని మా ఆయన తేల్చారు, బీరువా తలుపు తీస్తూ.

మర్నాటినుంచి పాఠాలు. మూర్తిని తాకనక్కర్లేదు, తులసిదళంతో నీళ్ళు చిలకరిస్తే చాలన్నాను. ఉల్లి, వెల్లుల్లి వద్దన్నాను. వండేటప్పుడు రుచి చూడకూడదంటే, ఉప్పు చూడకుండా దేవుడి ముందు ఎలా పెడతారని జాలిపడింది. ఆఖరున మా తాళంచెవి తీసుకుంటూ ఒక షరతు పెట్టింది. రేపు తనూ ఏ దేశమైనా వెళితే, వాళ్ళింటి ఎల్లమ్మని నేను చూసుకోవాలి. తప్పకుండా అన్నాను. అమ్మవారికి పెట్టడమే కదా. ఏం పెట్టాలో అడగలేదు.

అలా నేపాల్ చూశాం. యాత్రతోపాటు మన వంటవాళ్ళు వచ్చారు కాబట్టి, నేపాల్‌లో ఏం తిన్నామంటే పులిహోర తిన్నాం. చీకటితో కొండెక్కాం, మబ్బుంది. మబ్బు కూడా బాగుంది. పశుపతినాథుడి దగ్గర ఎందుకో తెలియకుండానే ఏడ్చాను. వేళ్ళతో పట్టుకుందామంటే హిమాలయం వేళ్ళ మధ్య ఇమడలేదు. మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్నప్పుడల్లా పావుగంట వెనక్కి లెక్క కట్టేదాన్ని, ఈపాటికి ఆయనకి పెట్టి ఉంటుందా అని. కొండల్లోకి వెళ్ళాక ఫోను కూడా అందలేదు.

ముక్తినాథ్ దారిలో గండకి ఒడ్డున ఆగాం. అక్కడ పట్టాలు పరిచి శాలగ్రామాలు కుప్పలుగా పోసి అమ్ముతున్నారు, మన దగ్గర రోడ్డు పక్కన ఆలుగడ్డలు పోసినట్టు. తులసి లేదు, దీపం లేదు. అమ్మే ఆవిడ వాటి పక్కనే కూర్చుని గిన్నెలో నూడుల్స్ తింటోంది. అంతమంది దేవుళ్ళలో ఒక్కరికీ ఆకలిగా ఉన్నట్టు లేదు. ఒక్కాయన కోసం ఇన్నేళ్ళు ఇల్లు కదలని నేను నవ్వాలో దండం పెట్టాలో తెలియక, ముందు దండం పెట్టాను. మా ఆయన చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగారు. ఆ చలిలో దోసిట నీళ్ళు పట్టుకుని, అభిషేకం చేసే మంత్రమే అంతా చెప్పి, ఆ నీళ్ళు మళ్ళీ నదిలోనే వదిలారు. పైకొచ్చాక, "ఇంకొక మూర్తిని తీసుకుందామా?" అన్నారు.

"ఉన్న ఒక్కరికే మనిషి దొరకడం గగనమైంది" అన్నాను.

తిరిగొచ్చి తలుపు తీసేసరికి పూజగదిలో దీపం వెలుగుతోంది. మొదటి అంతస్తు ఆవిడ తాళంచెవి ఇస్తూ జరిగినదంతా అప్పజెప్పింది. వాళ్ళింట్లో అన్నాళ్ళూ కూర వండలేదు. వాళ్ళాయన తిట్టుకుంటూ బయటికి వెళ్ళి బిర్యానీ తినొచ్చాడు. మా దేవుడికి రోజూ పరమాన్నమే పెడితే మొహం మొత్తదా అని ఒకరోజు బియ్యప్పిండితో సర్వపిండి రొట్టె చేసి పెట్టింది. నేను నోరు తెరిచేలోపే, "ఉల్లిగడ్డ వెయ్యలే, ఉప్పు సూడలే" అంది. మా ముత్తాతల కాలంనుంచీ ఆయన సర్వపిండి ఎరగడు. ఆయనకి నచ్చే ఉంటుంది, పూజగది ఎప్పటికంటే కళగానే ఉంది.

తొమ్మిదో అంతస్తు ఆవిడ నేపాల్ ఎలా ఉందండీ అని అడిగింది. నీట్‌గా ఉందన్నాను.

ఆ తర్వాత చలికాలంలో మొదటి అంతస్తు ఆవిడ ముగ్గురు చెల్లెళ్ళతో దుబాయి బయల్దేరింది. వాళ్ళాయనకి దీపం పెట్టడం కూడా చేతకాదట. విదేశం వెళ్ళొచ్చిన దాన్నని ఏం చూడాలో నన్ను అడిగింది. నేనూ పెద్దరికంగా, దిగగానే సిమ్ కొనమన్నాను. అన్నీ విన్నాక వాళ్ళ దేవుడి గదిలోకి తీసుకెళ్ళి, పసుపు పూసిన ఎల్లమ్మని చూపించింది. పొద్దున్న దీపం పెట్టి బొట్టు పెట్టాలి. మంగళవారం మాత్రం కల్లు సాక పొయ్యాలి, అంటే అమ్మవారి ముందు కల్లు ధార పొయ్యాలి. సీసా వాళ్ళ మరిది తెచ్చి గేటు దగ్గర ఇస్తాడు. టైల్స్ మీద పోస్తే చీమలొస్తాయి, తాంబాళంలో పొయ్యాలి.

బెల్లం నీళ్ళు పోస్తే అమ్మవారు ఏమైనా అనుకుంటుందా అని మెల్లిగా అడిగాను.

"అక్కా, నీ దేవునికి నేను ఉల్లిగడ్డ పెట్టిన్నా?" అంది.

మంగళవారం పొద్దున్న మా ఆయన పేపరు వెనకనుంచి, "స్నానం దానికి ముందు చేస్తావా, తర్వాత చేస్తావా?" అని అడిగారు. నవ్వు దాచుకోవడానికే పేపరు అంత పైకి పట్టుకున్నారు. మా నాన్నగారు చెప్పిన చదువులో దీనికి సమాధానం లేదు. ముందు ఒకసారి చేసి వెళ్ళాను, తర్వాతది తర్వాత చూసుకుందామని.

కల్లు సీసాకి మూత బిగించకూడదట, పొంగుతుందిట. అలాగే, మూత సగం తెరిచి, కొంగు చాటున పట్టుకుని లిఫ్టు ఎక్కాను. కింద పార్కింగు నుంచి వస్తూ తొమ్మిదో అంతస్తు ఆవిడ అందులోనే ఉంది. ఎక్కాల్సింది ఒక్క అంతస్తే. ఆ ఒక్క అంతస్తులోనే వాసన లిఫ్టు నిండా పరుచుకుంది.

"అదేంటండీ?" అంది.

"నైవేద్యం" అన్నాను.

ఆవిడ నా బొట్టు చూసింది, సీసా చూసింది. తలుపు తెరుచుకున్నాక, వచ్చే నెల వియత్నాం వెళుతున్నామని, తన బాలకృష్ణుణ్ణి ఉంచుకుంటారా అని అడిగింది. తీసుకురమ్మన్నాను.

దీపం వెలిగించి, తాంబాళం పెట్టి, ఏ మంత్రం చెప్పాలో తెలియక అమ్మా తల్లీ అనుకుంటూ సన్నగా ధార మొదలుపెట్టాను. అప్పుడే ఫోను మోగింది. దుబాయినుంచి వీడియో. ఆవిడ వెనక ఆకాశంలోకి పోయిన కట్టడం ఒకటి, దాన్ని వేళ్ళతో పట్టుకుంటూ ముగ్గురు చెల్లెళ్ళు. ఆవిడ అటు వీపు పెట్టి నిలబడి ఉంది.

"మా అమ్మను జర సూపియ్యక్కా" అంది.

ఫోను తిప్పి చూపించాను. కాసేపు చూసింది. "గింతనే పోసినవేంది? ఏం ఫికర్ జెయ్యకు, నిండుగ పొయ్యి" అంది.

ఇంకాస్త పోశాను. ఇంకా అంది. చెల్లెళ్ళు వెనకనుంచి పిలుస్తున్నా, సీసా ఖాళీ అయ్యేదాకా ఆవిడ ఆ కట్టడం వైపు తిరగలేదు.