జరీ కండువా కింద బేరం

ఆ కాలంలో మా వాకాడు వైపు పల్లెల్లో రంగూను పోయి వచ్చినవాడికి ఎంత మర్యాదో, నెల్లూరు కాలేజీలో చదివి వచ్చినవాడికీ అంతే మర్యాద. రంగూను పోయినవాడు ఏదో ఒక పెట్టె మోసుకొచ్చేవాడు. నేను తెచ్చింది మాత్రం ఫెయిలు ఒక్కటే. స్కూలు చదువు అయ్యాక పీయూసీ అని ఒక్క ఏడాది చదువు ఉండేది. దాన్ని నేను రెండేళ్ళు చదివి, సెప్టెంబరు పరీక్షకు మళ్ళీ కట్టి, ఇంట్లో కూర్చుని ఉన్నాను. (మా నాన్న మిషను బడి హెడ్మాస్టరు. నేను తప్పిన ప్రతిసారీ ఇంటి ప్రార్థనలో నా పేరు ఇంకొంచెం గట్టిగా పలికేవాడు, దేవుడికి సరిగా వినబడటం లేదేమోనని.) ఊరివాళ్ళు మాత్రం నన్ను చిన్నచూపు చూడలేదు. వాళ్ళ లెక్క వేరు. "ప్యాసైనోడు కాలేజీని ఒక సంవత్సరమే చూసినాడు. అయివోరబ్బాయి రెండేళ్ళు చూసినాడు. ఎవురికి ఎక్కువ తెలస్తాది?" అనేవారు. ఇది నాకు కూడా న్యాయంగానే తోచేది.

అందుకని పిల్లల్ని కాలేజీకి పంపాలనుకునే తండ్రులందరూ ముందు నా దగ్గరికే వచ్చేవారు. సాయంత్రాలు సముద్రపు ఒడ్డున తిరగేసిన పడవ మీద కూర్చుని నేను వాళ్ళ బతుకులు తేల్చేవాడిని. మార్కులెన్ని, తండ్రి చేసే పని ఏమిటి, నెల్లూరులో చుట్టాలెవరైనా ఉన్నారా, ఈ మూడూ అడిగి, కాసేపు కళ్ళు మూసుకుని, అణాల్లో చెప్పేవాడిని. "సీటుకు పన్నెండణాలు. ఖర్చు తట్టుకోవడానికి ఆరణాలు." అప్పటికి నయాపైసలు వచ్చేశాయి గానీ, అదృష్టాన్ని ఎవరూ నయాపైసల్లో కొలిచేవారు కాదు. నేను పదహారణాలూ ఖాయం అన్న ఒక మోతుబరి కొడుకు జూన్ నెలాఖరుకు ఇంటికొచ్చి వరినాట్లలో దిగాడు. నాలుగణాలకు మించి లేదు అన్నవాడు హాయిగా కాలేజీలో చేరాడు. అయినా నా పరపతికి లోటు రాలేదు. "నేను చెప్పింది పోయినేటి లెక్క, ఈ ఏడు మార్చేశారు" అనేవాడిని. నాకు తెలియనిదాన్ని అంత ధీమాగా చెప్పగలగడం మళ్ళీ ఎప్పుడూ కుదరలేదు.

అట్లాంటి రోజుల్లో తెడ్డు మామ వచ్చాడు. మనిషి పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి నిజంగానే తెడ్డులా ఉండేవాడు. తమ్ముడితో చెరిసగంగా ఒక పడవ ఉండేది, అదే ఆస్తి. ఆయన కూతురు స్కూలు ఆఖరి పరీక్ష ఎస్సెస్సెల్సీలో మగపిల్లలందరినీ దాటేసి మార్కులు తెచ్చుకుంది. ఏ మాటకైనా ఎదురు ప్రశ్న వేస్తుందని ఊళ్ళో ఆ పిల్లని లాయరమ్మ అనేవారు. తండ్రి పక్కనే నిలబడి, నా కాలి బొటనవేలి వంక చూస్తూ వింటోంది.

"అబ్బయా, బిడ్డకు సీటొస్తాదా? వస్తే నేను తట్టుకోగలనా? రెండూ కలిపి చెప్పు. ఫీజు తగ్గించకపోతే నా సగం పడవ అమ్మాల. సగం అమ్మేసి, మిగతా సగం మీద నా తమ్ముడెక్కడ, నేనెక్కడ కూచునేది?"

నేను కళ్ళు మూసి తెరిచాను. "సీటుకు పద్నాలుగణాలు మామా. ఫీజు రాయితీకి పదణాలు."

"అన్నా, పోయిన పరీక్షకు నీకు నువ్వు ఎన్నణాలు చెప్పుకున్నావు?" అంది లాయరమ్మ.

"గమ్మునుండు, తెలిసినోళ్ళు మాట్లాడేటప్పుడు" అని మామ కసిరాడు గానీ, మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడని నా అనుమానం.

నా సిద్ధాంతం ఇదీ. సీటు ఇచ్చేటప్పుడు కాలేజీవాళ్ళు ఉన్నవాళ్ళను చూస్తారు, మధ్యలో హాస్టలు బాకీ పెట్టి పారిపోకుండా. రాయితీ ఇచ్చేటప్పుడు లేనివాళ్ళను చూస్తారు. రెండూ ఒకే రోజు, పొద్దున సీటు, మధ్యాహ్నం రాయితీ. కాబట్టి మామ పొద్దున షావుకారుగా వెళ్ళాలి, మధ్యాహ్నం భోజనం వేళ బట్టలు మార్చుకుని నిరుపేదగా తిరిగి రావాలి. ఎవరూ గుర్తుపట్టరా అని లాయరమ్మ అడిగింది. అన్ని వందల మందిలో ఎవరు ఎవరిని గుర్తుపెట్టుకుంటారు అన్నాను. (రెండు గదుల్లోనూ కూర్చునేది ఒక్క మనిషేనని నాకు తెలియదు. రెండేళ్ళూ నేను ఫీజు గది వైపు పోకుండా తిరిగినవాడిని.)

షావుకారు వేషానికి ఊరంతా తలా ఒకటి ఇచ్చింది. రైసుమిల్లు ఆయన జరీ కండువా, మా నాన్న ఆదివారం చర్చికి కట్టే పంచె, మా బావ వాచీ. వాచీ నడవదు, అది పెద్ద విషయం కాదు. మామ మణికట్టుకు పట్టీ చాలకపోవడం విషయమైంది. తెడ్డు లాగీ లాగీ ఆ చెయ్యి కొయ్యలా అయిపోయింది. చివరికి వల అల్లే దారంతో కట్టి, పైన చొక్కా చేతిని దించాం. మా అక్క పౌడరు డబ్బా సగం ఆయన మెడకు పట్టింది. లాయరమ్మకు మా అక్క పట్టు ఓణీ. పేదరికం తాలూకు చిరుగు చొక్కా, మాసిన పంచె సంచిలో మడిచి నేను పట్టుకున్నాను.

తెల్లవారగానే ఇసుకలో ఏరు దాటి, కోటలో బస్సెక్కి, గూడూరులో బండి మారి నెల్లూరు చేరాం. దారి పొడుగునా మామ కండువాను దించుతూ ఎక్కిస్తూ, "దీన్నెక్కడ పెట్టుకోవాలబ్బయా? భుజం మీద ఉంటే పక్షి వాలినట్టుండాది" అంటూనే ఉన్నాడు.

సీట్లు ఇచ్చే వైస్ ప్రిన్సిపాలుగారు నాకు బాగా తెలుసు, నేను ఆయనకు అంతకన్నా బాగా తెలుసు. గొంతు వల్ల ఆయన్ని తుపాకీ మాస్టారు అనేవాళ్ళం. అందుకని నేను లోపలికి పోకుండా కిటికీ బయట నిలబడ్డాను. నలుగురైదుగురు తండ్రులను ఒకేసారి పిలిచి బల్ల ముందు బెంచీల మీద కూర్చోబెట్టారు. మామ వంతు వచ్చింది.

"ఏం చేస్తుంటారు?"

"యాపారం సార్." నేను నేర్పినట్టే చెప్పాడు.

"ఏం వ్యాపారం?"

ఇది మేము అనుకోలేదు. మామ కండువా సర్దుకుని, "సముద్రం సార్" అన్నాడు.

"సముద్రమా?"

"నాదీ, మా తమ్ముడిదీ సార్. చెరిసగం."

బెంచీల మీద నవ్వులు. తుపాకీ మాస్టారు నవ్వలేదు. మార్కులు చూసి, అమ్మాయి వంక చూసి, మళ్ళీ మార్కులు చూశారు. "సీటు సంగతి సరే. హాస్టలుకు నెలకు మీరు ఎంత పెట్టుకోగలరు?"

మామ అటూ ఇటూ చూశాడు. పక్క తండ్రులంతా చెవులు ఇటే పెట్టారు. ఇక్కడ మా ఒడ్డు సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఎండుచేపల బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడినవాడికి వాళ్ళ మొహాలు తప్ప ఏమీ కనబడదు. నలుగురిలో ధర పైకి చెప్పడమంటే మాకు నడిబజారులో పంచె విప్పుకున్నంత పని. మామ మర్యాదస్తుడు. లేచి, భుజం మీది జరీ కండువా తీసి, కలం పట్టుకున్న వైస్ ప్రిన్సిపాలుగారి కుడిచేతి మీద కప్పి, తన చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

నేను కిటికీ చువ్వలకు ఇంకా దగ్గరగా జరిగాను. బంట్రోతు నోరు తెరిచాడు. తుపాకీ మాస్టారి మీసాలు పైకి లేవడం కళ్ళారా చూశాను. ఆ పైన చూడలేదు. పద్నాలుగణాలూ, పదణాలూ కలిపి పెన్నలో కలిసిపోయాయని నిశ్చయించుకుని, స్టేషను దాకా ఒకటే పరుగు. బండి కదిలాక చూసుకుంటే సంచి నా ఒళ్ళోనే ఉంది. మామ పేదరికమంతా నా దగ్గరే ఉండిపోయింది, ఆయన నెల్లూరులో షావుకారుగా మిగిలిపోయాడు.

ఊరు చేరి ఏం చెప్పానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నన్ను ఎవరూ నిందించకముందే నేను మామను నిందించాను. "అంతా సిద్ధం చేసి పెట్టాను. పోయి ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని లాగినాడు! ఇంకెక్కడి సీటు?" అన్నాను. లాగలేదు. లాగాడన్నది నా చేర్పు. పడవ దగ్గర ఒకసారి, చర్చి ముందు ఒకసారి, టీ కొట్టులో ఒకసారి చెప్పేసరికి మామ ఆయన్ని కుర్చీలోంచి లేపేదాకా వచ్చింది కథ.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ ఇసుకలో నడిచి వస్తుంటే ఎదురుపోయాను. కండువా ఈసారి మామ భుజం మీద చక్కగా కుదిరి ఉంది.

"సంచి తెచ్చినావా అన్నా?" అంది లాయరమ్మ. తర్వాత జరిగిందంతా తనే చెప్పింది. "ఆ సారు చెయ్యి లాక్కోలా. రవంత సేపు అట్నే ఉండి, ఆయన కూడా లోపల వేళ్ళు కదిలించినాడు. నాయన తలూపితే ఆయన తలడ్డం ఊపె, ఆయన ఊపితే నాయన అడ్డం ఊపె. గదంతా గమ్మున చూస్తా ఉండారు. కడాకు సారే నవ్వి కండువా తీసినాడు. వాళ్ళ తాత ఒంగోలు వైపు ఎద్దుల బేరగాడంట. చిన్నప్పుడు తాత పక్కన కూచోని నేర్చుకున్న బేరమంట."

"తర్వాత?"

"సారు నాయన చెయ్యి తిప్పి చూసి, 'ఇది యాపారస్తుడి చెయ్యి కాదే పెద్దాయనా' అన్నాడు. దారం చూసి, వాచీ ఎవురిదని అడిగినాడు."

"ఏం చెప్పినావు మామా?" అన్నాను.

"ఉండేది చెప్పినా. అయివోరి అల్లుడిది సార్, నడవదు అన్నా. రాయితీకి మజ్జానం ఇంకో వేషం ఉండాది సార్, గుడ్డలు అబ్బయి కాడ ఉండాయి, వచ్చిందాకా రవంత ఓపిక పట్టండి అని కూడా చెప్పినా."

"ఏ అబ్బాయి అని అడిగినాడు" అంది లాయరమ్మ. "నీ పేరు చెప్పినాం. 'వాడా!' అన్నాడు. సీటూ, రాయితీ రెండూ అప్పుడే రాసిచ్చినాడు. సెప్టెంబరు పరీక్షకు నీకు ఎన్నణాలో కనుక్కోమన్నాడు."

నెలకు ఎంతకు కుదిరింది మామా అంటే ఆయన చెప్పలేదు. "కండువా కింద మాట కండువా కిందే ఉండాల" అన్నాడు. పడవ మాత్రం చెరిసగంగానే మిగిలింది.

అప్పుడైనా నేను ఊరికి నిజం చెప్పి ఉండాల్సింది. కానీ అప్పటికే ఊరు నవ్వడం మొదలుపెట్టింది, తెడ్డు మామ కండువా మామ అయిపోయాడు. సీటు వచ్చిందన్న వార్త తెలియగానే ఊరివాళ్ళే కథకు ముగింపు కట్టుకున్నారు. మామ చెడగొట్టిన పనిని అయివోరబ్బాయి తన పలుకుబడితో చక్కబెట్టాడని. నేను అవుననలేదు. కాదనడానికి మాత్రం నోరు రాలేదు. ఆ మరుసటి వేసవిలో నా పడవ ముందు తండ్రులు ఇంకా ఎక్కువమంది నిలబడ్డారు. ఆ పొగడ్తలు వినలేక ఒకరోజు మామను పక్కకు పిలిచి, "నువ్వెందుకు నిజం చెప్పవు?" అని నేనే అడిగాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "ఆ కండువా ఇప్పించింది నువ్వే గదబ్బయా. అది లేకపోతే నేను బేరం చేసేదెట్టా?" అన్నాడు. ఎగతాళి కాదు. ఆయన అట్లాగే అనుకున్నాడు. ఇప్పుడు ఆయన లేడు. ఊళ్ళో ఆ కథ మాత్రం ఇంకా తప్పుగానే తిరుగుతోంది. అందుకే ఇదంతా రాస్తున్నాను. ఆ సీటు తెచ్చింది ఆ అమ్మాయి మార్కులు, ఆ రాయితీ తెచ్చింది మామ మర్యాద. నాది అందులో సంచి మోసిన పని, అదీ సగం దారి వరకే.

నేను మూడోసారికి గట్టెక్కి ఇన్సూరెన్సు ఏజెంటునయ్యాను. సీట్ల అంచనా వదిలేసి మనుషుల ఆయుష్షు అంచనా వేస్తున్నాను, ధీమా మాత్రం అదే. మొన్న జూన్‌లో మా అమ్మాయిని తీసుకుని అదే కాలేజీకి వెళ్తే, సీట్లు ఇచ్చే బల్ల అవతల కళ్ళద్దాలు పెట్టుకుని లాయరమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. "రా అన్నా. సంచి తెచ్చినావా?" అంది. మార్కులు చూసింది, మా అమ్మాయిని నాలుగు మాటలు అడిగింది. మార్కులు అంతంతమాత్రమే. నేను గొంతు సవరించుకుని, "ఎంతవరకు ఉందమ్మా అవకాశం?" అన్నాను. గదిలో వేరే తండ్రులు కూడా ఉన్నారు. ఆమె అటూ ఇటూ చూసి, కుర్చీ వెనక ఆరేసిన తువ్వాలు తీసి నా చేతి మీద కప్పి, లోపల నా వేళ్ళు పట్టుకుంది. ముందు రెండు నొక్కింది, తర్వాత మరొకటి వంచింది, తర్వాత అరచేతిలో ఒక గీత గీసి నా మొహం వంక చూసింది. ఆ ఒడ్డున పుట్టి, ఇన్నేళ్ళు ఆ బేరాన్ని చెప్పి నలుగురినీ నవ్వించానే గానీ, ఒక్కరోజూ దాన్ని నేర్చుకోలేదు. తల ఊపాలో అడ్డంగా ఊపాలో తెలియక అట్లాగే కూర్చుండిపోయాను.

"ఎంతో పైకి చెప్పమ్మా" అన్నాను.

"అట్టా చెప్పకూడదన్నా" అని నవ్వి తువ్వాలు తీసేసింది.

తిరుగు బస్సులో మా అమ్మాయి అడిగింది, "నాన్నా, సీటు వస్తుందా రాదా? ఎన్నణాలు?"

"నాకు తెలియదమ్మా" అన్నాను. ఇన్నేళ్ళుగా నేను చెప్పిన అంచనాల్లో తప్పు కానిది అదొక్కటే.