అనిసేతో మాస్టారి పంక్చర్లు

మా అనిసేతో మాస్టారికి ఒకటే పిచ్చి. ఒళ్లు వంచిన మనిషి కనబడితే చాలు, కష్టం ఎంతో అంకెలో చెప్పించుకోవాలి. ఊరికే కూర్చుంటే ఆరు, ఇక నావల్ల కాదనిపిస్తే ఇరవై. అంకె చెప్పాక రెండో ప్రశ్న: ధ్యాస ఎక్కడుంది?

బోయకా కొండల్లో మాకు సైకిలు పందేలు నేర్పినవాడాయన. చర్చి గంట లాగుతున్న ఫాదర్నీ వదల్లేదు, మొక్కజొన్న రుబ్బుతున్న పెళ్లాన్నీ వదల్లేదు.

"పద్నాలుగు. ధ్యాస, ఈ రాయి నీ నెత్తిన ఎప్పుడు వేద్దామా అని," అందావిడ.

ఆయన బుద్ధిగా రెండూ పుస్తకంలో రాసుకున్నాడు.

నేను మూడు కొండ పందేలు గెలిచి, రెండుసార్లు ఊరికి మేయరుగా చేసినవాణ్ణి. అంతవాణ్ణి కాబోతూ అలసిపోయానని ఒప్పుకుంటానా? ఎంత ఎత్తు ఎక్కినా నా అంకె పన్నెండే. మా జట్టులో అందరిదీ అదే పౌరుషం, అదే పన్నెండు.

మాస్టారి సైకిలుకు మాత్రం పంక్చర్ల పీడ. టైరు బాగయ్యేదాకా మేం గడ్డిలో కూర్చుని బెల్లం నీళ్లు తాగుతూ, ఈయన టైరు కాగితంతో చేశారని నవ్వుకునేవాళ్లం.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, జిల్లా జట్టు ఎంపిక పది రోజులుందనగా, ఎడమ మోకాలు పట్టేసింది. బయటపడితే పేరు కొట్టేస్తారు, మళ్లీ మా నాన్న బంగాళాదుంపల చేలోకే.

"ఎంతరా, లిసాండ్రో?"

"పన్నెండే, మాస్టారూ."

"ధ్యాస?"

మామూలుగా అమ్మ కాచే సూపు మీద అనేవాణ్ణి. ఆరోజు నోరు జారింది. "ఎడమ మోకాలి మీద."

ఆయన అదీ పుస్తకంలో రాసుకున్నాడు. రెండో మలుపులో ఆయన టైరు గాలి పోయింది. మర్నాడూ పోయింది. ఆ వారమంతా మా కొండ సగంలోనే ఆగింది. మోకాలు కుదుటపడింది, జట్టులో నాకు చోటు దక్కింది, నా మొదటి గెలుపు ఆ ఏడాదే.

చాలా ఏళ్ల తర్వాత ఆయన చొక్కా జేబు కుడుతూ వాళ్లావిడ విసుక్కుంది: "కొండకు వెళ్లినప్పుడల్లా జేబులో మేకులేసుకుంటే చిరగదా మరి?"

ఇప్పుడాయనకు ఎనభై మూడు. మొన్న ఆదివారం చర్చి మెట్లెక్కుతుంటే నేనే అడిగాను, ఎంత మాస్టారూ అని.

"తొమ్మిది."

"ధ్యాస?"

"కుడి తుంటి మీద."

బూటు లేసు ఊడిందంటూ మెట్టు మీద కూలబడ్డాను. ఆయనా మెల్లగా నా పక్కన కూర్చుని, ఊపిరి తీసుకుని, నా కాళ్ల వంక చూశాడు.

"నువ్వు వేసుకున్నవి చెప్పులురా," అన్నాడు. "ఒక మేకు కొనుక్కో."