గున్‌వోర్ అంచు నుంచి కోసిన ముక్క

మా చర్చి గాయకబృందంలో గున్‌వోర్ నా పక్కనే నిలబడి పాడుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రి ల్యాబులో కణితులను మైనంలో పోతపోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, అద్దపు పలకల మీద పరిచిన మనిషి. డాక్టరు కాదు. ఆవిడ పని ఏమిటో ఊళ్లో సగం మందికి తెలియదు. ఒళ్లు మండేదాకా నాకూ తెలియదు.

నా రొమ్ములో గడ్డ తీసింది మిడ్‌సమ్మర్ పండుగకు ముందురోజు. ఆ మధ్యాహ్నం స్వీడన్‌లో ఎవరి మనసూ పనిలో ఉండదు. ఊరవేసిన చేపలు, కొత్త బంగాళాదుంపలు, పూలస్తంభం, అంతే. గడ్డను చీల్చి, పాడవకుండా కాపాడే ఫార్మలిన్‌లో వేయాలి. చీల్చకుండా అలాగే పడేసి అందరూ పండుగకు వెళ్లిపోయారు. మందు లోపలికి దిగేలోపే నడిమి భాగం పాడైపోయింది.

రిపోర్టులో గ్రేడు రెండు అని వచ్చింది. తిరగబెట్టే భయం తక్కువ, కీమో అక్కర్లేదన్నారు. నేను బస్సు డ్రైవరును, త్వరలోనే స్టీరింగు పట్టుకుంటానని ఎగిరి గంతేశాను. వారం తర్వాత ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో నా ఆసుపత్రి రికార్డు తెరిచి చూస్తే గ్రేడు మూడు! కింద "గున్‌వోర్ అడగ్గా మళ్లీ కోసి చూశాం" అని ఒక ముక్క. ఇక కీమో తప్పదు.

పాటల సాధన రోజున తిన్నగా వెళ్లి ఆవిడను దులిపేశాను.

"నా గ్రేడుతో నీకేం పని? నీ పని నువ్వు చూసుకోలేవూ?"

"ఇదే నా పని," అంది గున్‌వోర్. "నడిమి ముక్కలో కణాలు వాడిపోయున్నాయి. అలాంటి చోట రెండుగా చీలే కణాలు ఉన్నా కనబడవు, అవి ఎక్కువుంటేనే గ్రేడు పెరిగేది. అంచు బాగుంది. అక్కడ కోసి లెక్కపెడితే రెండింతలు తేలాయి."

"మీ డాక్టరు టోర్కెల్ ఊరుకున్నాడా?"

"'కోయడం నీ వంతు, చదవడం నా వంతు' అన్నాడు. 'సరే, చదువు' అని పలక ముందు పెట్టాను. చదివి తన రిపోర్టు తానే కొట్టేశాడు."

జన్యువుల పరీక్షా అదే చెప్పింది. కణాలను అదుపులో పెట్టే జన్యువు నా గడ్డలో చెడిపోయిందట, ఊరుకుంటే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువట. కీమోకు జుట్టుతోపాటు నా కోపమూ ఊడిపోయింది. ఏడేళ్లయింది, జబ్బు మళ్లీ రాలేదు. మందు వల్లేనా అని అడిగితే "ఎవరూ చెప్పలేరు" అంటుంది గున్‌వోర్. గొప్పలు చెప్పుకోవడం మావాళ్లకు సిగ్గు. అందుకే ఆవిడ గొప్ప నేను చెబుతున్నాను, గర్వంగా, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ.

ఆవిడ రిటైరైన రోజు కేకు తింటూ అడిగాను.

"నిజం చెప్పు. ఆ గడ్డ నాదని నీకు తెలుసా?"

"కాగితం మీద నీ పేరుందిగా, మారిట్. చూడగానే పలక పక్కన పెట్టేశాను."

"మరి ఎలా లెక్కపెట్టావు?"

"పేరు మీద తెల్ల కాగితం అంటించాను. నీ మీద ప్రేమతో లెక్కలో ఒకటీ అరా కణాలు వదిలేస్తానేమోనని భయమేసింది."