వదినె అడిగిన వానకాలం

బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాసకు ముందటి వారం, పొద్దుగాల చాయ్ పొంగుతుంటే ఎదురింటి ఓనరమ్మ మా గేటుకాడికి ఉరికొచ్చింది. వాళ్ళ మీది పోర్షన్‌ల ఉండే మా వదినె తలుపు ఎంతసేపు కొట్టినా తీయలేదట. గడియ ఇరగ్గొట్టి సూస్తే నిద్రల్నే పాణం పోయి ఉన్నదట. నేను పొయ్యి బంద్ చేసిన. చెప్తే మీరేమనుకుంటరో గాని, నాకు ముందుగాల ఏడుపు రాలే. ఇయ్యాల తోటకు ఇంకా నీళ్ళు పొయ్యలే గదా అన్నదే యాదికొచ్చింది. మనిషి బుద్ధి గంతే.

వదినె అంటే నాకు చుట్టం కాదు. బెల్లంపల్లి నుంచి మా సుల్తానాబాద్‌కు వచ్చి, మా గల్లీల కిరాయికి దిగిన మనిషి. ఆమె పెనిమిటి బొగ్గుబాయిల పనిచేసి రిటైరైండు, కొన్నాళ్ళకు కాలం చేసిండు. కొడుకు గోదావరిఖనిల ఉంటడు. నా దగ్గర ఉండవే అవ్వా అని ఆ పిలగాడు ఎంత మొత్తుకున్నా ఈమె పోలే. సుల్తానాబాద్ ఆమె అవ్వగారూరు. ఆడ అన్నదమ్ములెవలూ మిగలలే, ఊరొక్కటే మిగిలింది. గా ఊరి కోసమే వచ్చింది.

మాకు పరిచయమైన తీరు కూడ చెప్తా. ఒకనాడు మా మందార కొమ్మ ఆమె కొప్పుల కనవడ్డది. పువ్వు గాదు, కొమ్మ. ఎవలింటి ముందటికెళ్ళి పోయినా చెయ్యి ఊరుకోదు, పుటుక్కున ఓ కొమ్మ ఇరిచి కొప్పుల చెక్కుకొని నడుస్తది, ఇంటికి పోయి నాటుకుంటది. "అడిగి తీసుకుంటే ఏమాయె వదినె?" అన్న. సిగ్గు గిగ్గు ఏంలేదు. "అడిగితే ముదురుకొమ్మ ఇస్తరే పిల్లా. మంచిది మనమే సూసుకోవాలె" అన్నది. ఆనాటి నుంచి నేను వదినె అన్న, మా ఆయన అక్కా అన్నడు.

ఇంకో అలవాటుండె. పొద్దున లేవంగనే మొక్కల మొదట్ల కాదు, ఆకుల మీద నీళ్ళు చల్లేది. బెల్లంపల్లిల ఆకుల మీద బొగ్గుదుమ్ము పేరుకుంటదట, కడగకుంటే చెట్టుకు ఊపిరాడదట. ఈడ బొగ్గు లేదు గదా అంటే, "దుమ్ము లేని ఊరు ఏడున్నదో చెప్పు, ఆడికే పోయి కిరాయికుంటా" అనేది.

మా ఇంటి పక్కపొంటి మాది ఓ ప్లాటున్నది. తుమ్మచెట్లు, పగిలిన సీసాలు, గల్లీల కుక్కలన్నిటికీ అదే ఇల్లు. దాంట్ల షటర్లు కట్టి దుకాణాలకు కిరాయికిద్దామని మా ఆయన ఎన్నాళ్ళ సందో అనుకుంటుండు. చెడ్డోడు కాదు పాపం. కిరాయి రాని జాగ ఆయన కంటికి ఉత్తగ పండుకున్న మనిషి లెక్క కనవడ్తది. మిరుగం కార్తె తొలి వానలు పడ్డయో లేదో, వదినె మా అరుగు మీదికొచ్చి కూసుని, ఆయన్ని సూటిగ అడిగింది.

"తమ్మీ, గీ ఒక్క వానకాలం ఆ జాగ నాకియ్యి. దసరా కాంగనే నీ షటర్లు కట్టుకో."

"తుమ్మలు కొట్టాలె, మట్టి పొయ్యాలె. ఒక్క వానకాలానికి గంత కష్టం ఎవలన్న చేస్తరా అక్కా?"

"నేను చేస్తనంటున్న గదా. నీకేం నొప్పి?"

మా ఆయన నవ్విండు. సరే అన్నడు. దసరా అన్న మాట మాత్రం మర్సిపోకు అన్నడు.

అట్ల మొదలైంది తోట. మొక్కల పిచ్చి ఉన్నోళ్ళం నలుగురం. వదినె, నేను, రిటైరైన పోస్టుమన్ మామ, మిద్దె మీద పెయింటు డబ్బాలల్ల టమాటలు పెంచే టైలర్ చెల్లె. చెల్లె ఫోన్‌ల ఓ బొమ్మ సూపించింది. ఎవలో ఇంగ్లీషోళ్ళ ఇంటి ముందట పూలు, కూరగాయలు, తీగలు అన్నీ ఒకదాని మీద ఒకటి వడ్డట్టు కలిసిపోయి ఉన్నయి. దీన్ని కాటేజ్ గార్డెన్ అంటరట. మామ కండ్లద్దాలు పైకి జరిపి సూసిండు. "ఇది తోటనా, కలుపు తీయని చేనా?" అన్నడు. వదినె మాత్రం ఫోన్ గుంజుకొని చానసేపు సూసింది. "బెల్లంపల్లిల మా కంపెనీ కోర్టర్ ముంగట గిట్లనే ఉండె. దీనికో పేరుంటదని నాకేం తెల్సు" అన్నది.

మేం కాయితం, పెన్సిల్ పట్టుకొని కూసున్నం. ఏది ఏడ పెట్టాలె అని గీస్తున్నం. ఆమె అవి పక్కకు వెట్టి, మా ఇంట్లకెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తీసుకపోయి ప్లాటుల వేసుకొని కూసున్నది. జరసేపు ఆడ, జరసేపు ఈడ. నడుమ లేసి కుర్చీ జరుపుకుంటది. అదేం పని వదినె అంటే, "కూసునే జాగ తెల్వకుంట మొక్క జాగ ఎట్ల తెలుస్తది" అన్నది. బాట సంగతి ఇంకా వింత. బకెట్ నిండ నీళ్ళు నింపి నా చేతికిచ్చింది. "ఏం ఆలోచన చెయ్యకు. గీ గేటు కాడ్నించి గా మూలకు పో" అన్నది. నేను మోసుకుంట పోతాంటే నా ఎనుక టైలర్ చెల్లె ముగ్గు పోసుకుంట వచ్చింది. బరువుతోని కాలు ఏడ మలిగితే ఆడ బాట మలిగింది. సూస్తే అంత వంకర. "నీళ్ళు మోసే మనిషి నడిచేదే బాట. మిగిలినయి బొమ్మలు" అన్నది వదినె. ఆ బాట మీద ఇప్పటికీ ఒక్కనాడు నా చేతుల బకెట్ తొణకలే.

ఇత్తులు వేసేకాడ మామతోని పరేషాన్ వచ్చింది. మామది ఎవుసం ఇల్లు. ఆ చేతులకు సాలు వెట్టుడు తప్ప ఇంకోటి రాదు. మేం చాయ్ తాగి వచ్చేసరికి బంతి ఇత్తులన్నీ దారం గుంజినట్టు వరుసగ వెట్టిండు. "అన్నా, నేను అడిగింది తోట, పత్తి చేను కాదు" అన్నది వదినె. మళ్ళ వెట్టమంటే మళ్ళ వరుసనే. వదినెకు కడుపుల కోపం, మూతి మీద నవ్వు. ఆఖరికి మామను అటు మళ్ళి నిలబడమని, ఇత్తులు ఎనుకకు ఇసరమన్నది. "ఇత్తులు ఇసిరేసుడేంది చెల్లె, పాపం తగుల్తది" అని మామ లొల్లి. ఇసిరిండు. మొలిసినంక ఆయన్నే వచ్చి, మంచిగనే ఉన్నది గదా అన్నడు. టైలర్ చెల్లె ఆ మొలకల నడుమ బెండ, చిక్కుడు వెట్టింది. నేను శంఖుపూల తీగ ఎక్కిచ్చిన.

గునుగు ముచ్చట చెప్పకుంటే ఆమె ముచ్చట చెప్పనట్టే. బతుకమ్మకు తోటల పూలే ఉండాలెనని వదినె ఓ మూల గునుగు చల్లింది. చేన్ల మొలిసే గునుగును ఎవలన్న తెచ్చి వేసుకుంటరా? ఆమె వేసింది. జానెడు లేసింది. ఒకనాడు పొద్దుగాల మామ తన మనుమరాలి సంబంధం ముచ్చట చెప్పుకుంట ఆ మూలకు కూసున్నడు. ముచ్చట అయిపోయేసరికి గునుగు అయిపోయింది. చెయ్యి దాని పని అది చేసుకుంట పోయింది, మనిషికి సోయి లేదు. నేను సూసేసరికి అంత కుప్ప వడ్డది, నా ఎనుకనే వదినె వచ్చింది.

"నీ చేతులు పడిపోను! గునుగు పీకినవా అన్నా?"

"గునుగు కలుపు గాదా చెల్లె?"

"కలుపే. నేను వేసిన కలుపు!"

వదినె కోపం మాకు తెల్సు గాని, గంత కోపం ఎన్నడు సూడలే. మామతోని మాట బంద్ చేసింది. మామ మొకం మాడిపోయింది. గునుగు కోసం సైకిలేసుకొని చేన్ల పొంటి తిరిగిండు. కలుపుమందు కొట్టిన చేన్లల్ల గునుగు ఏడుంటది? ఆఖరికి కాలువ కట్ట మీద దొరికితే, మట్టిగడ్డలతోని సంచిల పెట్టుకొని తెచ్చి, మేం రాకముందే నాటిపెట్టి పోయిండు. పోయి సూస్తే ఏమున్నది, గునుగంత సక్కగ ఒకటే సాలు! వదినె కొంగు నోటికి అడ్డం వెట్టుకొని నవ్వింది, కండ్లల్ల నీళ్ళొచ్చేదాంక నవ్వింది. సరిచేద్దామా అని నేనంటే, "ఉండనియ్యి పిల్లా. మనిషి తోటల మనిషి గురుతు ఉండద్దా" అన్నది. పొద్దుమీకి మామకు చాయ్ పంపిచ్చింది.

ఆమె మాకు మొక్కల గురించి చెప్పింది తక్కువ. మొక్కలతోని మాట్లాడాలె, పాటలు వినిపియ్యాలె అని టైలర్ చెల్లె ఫోన్‌ల సూసి చెప్తే, "దాని పని దాన్ని చేసుకోనియ్యుండ్రి. మనకు నోరాగకుంటే మనం మనం మాట్లాడుకుందాం" అనేది. గిసొంటి మాటలే.

నన్ను మాత్రం రోజు ఒకటే అడిగేది. పొద్దుమీకి తోటల కుర్చీ వేసుకొని, గొంతు తగ్గిచ్చి, "తమ్ముడు ఏమన్నడే?" అనేది. షటర్ల సంగతే. "ఏమనలే వదినె" అంటే, "మంచిది. అననియ్యకు" అనేది. నేను ఇంట్ల ఆయన్ని అడిగితే, "దసరా రానియ్యి" అని టీవీ దిక్కు తిరుగుతుండె. ఔనంటడా కాదంటడా మొకం మీద ఏం తెల్వది. ఆయనతోని ఇన్నేండ్లు కాపురం చేసిన దాన్ని, నాకే తెల్వలే.

బంతి మొగ్గ వడ్డప్పుడు మా ఆయన మేస్త్రిని తోలుకొచ్చిండు. టేపు పట్టి ప్లాటు కొలిసిండ్రు. మేస్త్రి మొగ్గల నడుమకెళ్ళి నడిసిండు. వదినె బాట మీద నిలబడి, "కొలుసుకో తమ్మీ. తొక్కకుంట కొలుసుకో" అన్నది. గొంతు మామూలుగనే ఉన్నది. మేస్త్రి పోయినంక కుర్చీల కూలబడ్డది. ఆనాడు మొదటిసారి ఆమె నోట భయం అన్న మాట విన్న.

"నాకు భయమైతున్నది పిల్లా. కోర్టర్ ఇడిసిననాడు కంపెనోనిది కంపెనోనికి ఇచ్చిన, తాళం ఇచ్చిన, ఎనుకకు మళ్ళి సూడలే. ఒక్క వానకాలం చాలన్న గదా నేనే! ఇప్పుడు చాలుతలేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్న. జాగ నాది గూడ కాదాయె, మా ఆయన పేరు మీద ఉన్నది. అడుగుతా అన్న. "నువ్వు అడగకు. ఇచ్చిన మాట మీద నిలబడాల్సింది నేను" అన్నది. మల్ల ఎన్నడు ఆ ముచ్చట తియ్యలే. నన్ను అడుగుడు మాత్రం మానలే. పోయిననాటి ముందటి పొద్దుమీకి కూడ అడిగింది. ఏమనలే అనే చెప్పిన.

కొడుకు వచ్చి కార్యం అంత మంచిగ చేసిండు. పోయే ముందు తోట సూస్తనన్నడు. బాట మీద నడిసి, గునుగు సాలు దగ్గర నిలబడి, "ఫోన్‌ల మా అవ్వ నా ఆరోగ్యం అడుగుడు తక్కువ, ఈ తోట ముచ్చట ఎక్కువ" అన్నడు. నవ్విండో ఏడ్చిండో అటు తిరిగి ఉండె, నాకు కనవడలే. ఆమె పోర్షన్‌కు తాళం వేసిండు. సామాన్లకు మల్ల వస్తనన్నడు.

నాకు మా ఆయన మీద కోపం వచ్చింది. దాపెట్టుకునేది ఏమున్నది? ఇయ్యనన్న చెప్పరాదు, ఇస్తనన్న చెప్పరాదు. ఓ మాటకు ముసలి పాణాన్ని గన్నాళ్ళు ఎదురుసూపిచ్చిండు. ఆ మాటే మొకం మీద అన్న. ఆయన అన్నం సగంల లేసిండు.

బతుకమ్మ రోజుల్ల గల్లీ ఆడోళ్ళంత మా తోటల్నే పూలు తెంపుకున్నరు. మామ అందరికీ వద్దన్నా గునుగు కోసి చేతుల పెట్టిండు. ఇగ దసరా వచ్చింది. పండుగ తెల్లారి నేను అరుగు మీద బియ్యంల రాళ్ళేరుతున్న. మా ఆయన తోటల ఒరిగిన సీతజడ పూలచెట్టుకు కట్టె పాతి, సుతిలి కడ్తుండు. ఆయన గా పని చేసుడు నేను సూసింది అదే మొదలు. బండి మీద ఓ పిలగాడు వచ్చి గేటుకాడ ఆగిండు. మొబైల్ షాపు వెట్టుకుందామని జాగ ఎతుక్కుంటుండట.

"సార్, ఈడ షటర్లు కడ్తున్నరట గదా. నాకొకటియ్యుండ్రి. అడ్వాన్స్ ఇప్పుడే ఇస్తా."

మా ఆయన సుతిలి ముడి వేసి, చేతులు దులుపుకున్నడు.

"నన్నడిగితే ఏమస్తది? జాగ మా అక్కది. ఆమెనడుగాలె."

"ఏడుంటది సార్?"

మా ఆయన గదువతోని ఎదురింటి మీది పోర్షన్ సూపిచ్చిండు. పిలగాడు తల ఎత్తి సూసిండు.

"తాళం ఉన్నది గదా. ఎప్పుడొస్తది?"

మా ఆయన ఒంగి ఇంకో సీతజడకు సుతిలి చుట్టవట్టిండు. నేను మళ్ళ బియ్యంల రాళ్ళేరవట్టిన. ఆ పిలగాడు మమ్మల్నిద్దరిని సూసిండు. ఇగొస్తదేమో అనుకున్నడు గావచ్చు, బండి స్టాండు వేసి, మెట్ల దిక్కు సూసుకుంట నిలబడ్డడు.