రెండోవాడి కోసం ప్రార్థన

మా చిన్నప్పుడు... కువైట్‌లో జూలై అంటే బడికి సెలవులు, బయట నిప్పుల కొలిమి, అబ్బాసియాలో మా రెండు గదుల ఇల్లు, కిటికీలో ఏసీ రొద... టీవీలో సైకిళ్లు.

యూరప్‌లో ఎక్కడో మూడు వారాలు జరిగే పందెం అది. రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి తొక్కాలి. అన్ని రోజుల సమయమూ కలిపి ఎవరిది తక్కువైతే వాడిదే గెలుపు. ముందున్నవాడికి పసుపు చొక్కా ఇస్తారు. ఆ రోజుల్లో ఏటా ఆ చొక్కా ఒక్కడి ఒంటి మీదే...

నాన్న ఒక కంపెనీలో డ్రైవర్. మధ్యాహ్నం అన్నానికి వచ్చి, చెంబెడు నీళ్లు తాగి టీవీ ముందు చతికిలబడేవాడు. ఆ స్టీలు చెంబుకో కథ ఉంది. నాన్న కుర్రతనంలో వాళ్ల ఊరి కాలవగట్టు మీద మూడు రోజుల సైకిల్ పందెం పెట్టేవారట. మొదటి బహుమతి బిందె, రెండోది చెంబు. పక్క ఊరివాడొకడు ఏటా బిందె పట్టుకుపోయేవాడు. మా నాన్నకు ఎప్పుడూ చెంబే. కువైట్ వస్తూ ఒక చెంబు పెట్టెలో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాడు.

అందుకే టీవీలో కూడా నాన్న ఎప్పుడూ రెండోవాడి పక్షమే. కొండ మీద పసుపు చొక్కావాడు సీట్లోంచి లేచి తొక్కడం మొదలుపెట్టాడంటే మా ఇంట్లో అన్నం సహించేది కాదు.

"ఇంకా అవ్వలేదే అమ్మడూ... ఎనకోడు వత్తాడు చూడు," అనేవాడు నాతో.

"మీరు చెప్పినోడు ఏ ఏడు వచ్చేడండీ... ముందు బువ్వ తినండి," అనేది అమ్మ.

రెండోవాడు వచ్చేవాడు కాదు.

ఇక్కడ మాకు శుక్రవారం సెలవు కాబట్టి చర్చిలో ఆరాధన కూడా ఆ రోజే. ఒక శుక్రవారం, ఎవరి కోసం ప్రార్థించాలో చెప్పమని ప్రార్థన మనవులు అడిగినప్పుడు నేను లేచి రెండోవాడి పేరు చెప్పాను. చాలా కష్టపడుతున్నాడు, ఈసారైనా గట్టెక్కాలి అన్నాను. అమ్మ అప్పట్లో ఆసుపత్రిలో నర్సు... ఆవిడ వార్డులో ఎవరో తెల్లాయన చావుబతుకుల్లో ఉన్నాడనుకున్నారు మా సంఘ పెద్ద.

"ప్రభువా, ఆ బిడ్డని మంచం మీంచి లేపయ్యా," అని అందరి చేతా కన్నీళ్లతో ప్రార్థన చేయించారు. నాన్న జేబురుమాలులో ముఖం దాచుకుని నవ్వు ఆపుకోలేక నానా తిప్పలు పడ్డాడు. ఆ వారం పసుపు చొక్కావాడే గెలిచాడు.

మొన్న జూలైలో నాన్న ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఇప్పుడు నేనూ నర్సునే. రిపోర్టులు చదవడం వచ్చు... రాకపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది. ఫోన్‌లో పందెం పెట్టి నాన్న ముఖానికెదురుగా పట్టుకున్నాను. చాంపియన్ మారాడు గానీ తీరు మారలేదు. ఈ కొత్తవాడు కూడా ఎవరికీ అందడు. ఆఖరి పెద్ద కొండ మీద ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేరని తెలుసుకుని, తాపీగా వెళ్లిపోయాడు.

"ఎనకోడు వత్తాడు నాన్నా," అన్నాను.

"రాడే అమ్మడూ... ఖలాస్," అన్నాడు.

పందెం మధ్యలో నాన్న ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు శుక్రవారం. ప్రార్థన మనవుల్లో నాన్న పేరు చెప్పాను. మంచం మీంచి లేపయ్యా అని అందరూ ఏడ్చి అడిగారు... ఈసారి నిజంగానే మంచం మీద ఉన్న మనిషి కోసం.

పందెం ముగిసే రోజుకి నాన్న లేడు. పసుపు చొక్కావాడు మెట్టెక్కి చేతులూపుతున్న బొమ్మ ఆఫీసు గోడ మీది టీవీలో చూశాను. నాన్నను ఇండియా పంపే కాగితాల కోసం అప్పుడు అక్కడ కూర్చుని ఉన్నాను.

ఆ రోజుల్లో కనీసం ఆఖరి రోజు దాకా ఆశ ఉండేది. ఇప్పుడు మొదటి కొండ దగ్గరే తెలిసిపోతోంది... పందెంలోనైనా, రిపోర్టులోనైనా. చెంబు నా దగ్గరే ఉంది. అందులో నీళ్లు తాగడానికి చెయ్యి రావడం లేదు.

మీ ఇంట్లోనూ ఇలా ఓడిపోయేవాడి పక్షాన కూర్చున్నవాళ్లు ఉండేవారా... ఉంటే చెప్పండి, అన్నీ చదువుతాను. ప్రార్థన మాత్రం చేయమని అడగకండి... అది ఇక నా వల్ల కాదు.