కచరా మాఫీ

కరోనా ఆంక్షలు సడలిన మరుసటి వేసవిలో నన్ను అరబ్బు దేశంలో, మెసయీద్‌లోని ఒక ఎరువుల కర్మాగారంలో సీ వాటర్ సెక్షన్‌కు సీనియర్ కెమిస్ట్‌గా వేశారు. అదే నా చివరి పోస్టింగు. యంత్రాలను చల్లబరిచే సముద్రపు నీటిని ముందుగా ఒక పెద్ద కాంక్రీటు తొట్టెలో నిలుపుతారు. దాన్ని బేసిన్ అంటాం. ఆ నీటి బాగోగులు చూడడం నా పని.

చేరిన కొత్తలోనే బేసిన్ గోడల మీద చారల చిన్న ఆలిచిప్పలు కనిపించాయి. అవి ఇక్కడి సముద్రానివి కావు. సరుకు లేని ఓడలు బరువు కోసం అడుగున నింపుకొనే నీటిని బాలస్ట్ అంటారు. ఎక్కడో నింపి ఇక్కడ వదిలిన బాలస్ట్‌లో వచ్చి ఉంటాయని మా అనుమానం. ఓడలు ఆగే జెట్టీ దగ్గర వెతికిస్తే బయట ఇంకా ఎక్కడా కనిపించలేదు.

మా సెక్షన్ హెడ్ మార్క్ కెనడా మనిషి, పెద్ద మంచినీటి సరస్సు ఒడ్డున పెరిగినవాడు. చిప్పను చూడగానే ఆయన మొహం పాలిపోయింది. వాళ్ళ సరస్సులోకీ ఇలాంటివే ఓడల నీటిలో వచ్చాయట. చేపపిల్లల తిండి అంతా అవే తినేశాయి. నీళ్ళు అద్దంలా తేటపడితే జనం సంబరపడ్డారు. తర్వాత వలలు ఖాళీగా రాసాగాయి, వాళ్ళ నాన్న పడవ వదిలేశాడు. ఎవరెంత తలకిందులైనా వాటిని మళ్ళీ వెళ్ళగొట్టలేకపోయారు. తొట్టెలో ఉన్నంతవరకే మన చేతిలో ఉంటుందని మార్క్ చెప్పాడు.

ఉత్పత్తి ఆపమంటే ప్రొడక్షన్ వాళ్ళు కొట్టినంత పని చేశారు. కాళ్ళావేళ్ళా పడితే ఒక్క షట్‌డౌన్ ఇచ్చారు. నీటిని సన్నటి జల్లెడ గుండా తోడేసి, గోడలు గీకి, బతికున్న చిప్పలను సంచుల్లో కట్టి దూరంగా ఎడారిలో ఎండబెట్టాలి. గీకడానికి నిర్మల్ వైపు నుంచి అప్పుడే దిగిన కొత్త బ్యాచ్ వచ్చింది. వాళ్ళ మేస్త్రీ లింగయ్య.

శాంపిళ్ళతో నేనూ మార్కూ ల్యాబ్‌కు వెళ్ళి వచ్చేసరికి బేసిన్ అద్దంలా మెరుస్తోంది. సంచులన్నీ మడత విప్పకుండా ఉన్నాయి. చిప్పలేవని లింగయ్యను అడిగాను.

"సూపర్వైజర్ సాబ్ వచ్చి 'కచరా మాఫీ, యల్లా' అన్నడు సార్. మాఫీ అంటే ఇడిసిపెట్టుడే గద! సంచులల్ల నింపుడు మాఫీ జేసిండనుకున్నం. పైపు వెట్టి మోరీలకు కొట్టేసినం."

ఆ సూపర్వైజర్ అరబ్బు. అరబ్బీలో మాఫీ అంటే 'లేదు' అని. ఇక్కడ చెత్త ఉండకూడదు, త్వరగా కానివ్వండి అన్నాడు, అంతే. మన రుణమాఫీ సంగతి అతనికేం తెలుసు? వాళ్ళు మోరీ అనుకున్నది వానకాలువ, తిన్నగా సముద్రంలో కలుస్తుంది. మార్క్ గట్టు మీద కూలబడిపోయాడు.

ఆయన్ను చూసి లింగయ్య భయపడ్డాడు.

"ఏడ వడ్డయో సూపెట్టుండ్రి సార్, మళ్ల ఏరుకొస్తం."

నేను కాలువ చివర సముద్రం వైపు చెయ్యి చూపించాను. అతను అటు చూసి, తలపాగా విప్పి చేత పట్టుకున్నాడు.

చలికాలానికి జెట్టీ స్తంభాల నిండా అవే. మరుసటి ఏడు ఉత్తరాన అల్ రువైస్‌లో చేపల పడవల అడుగున కూడా చూశాను. మార్క్ కాంట్రాక్టు పొడిగించుకోలేదు. రెండోసారి చూసే ఓపిక లేదన్నాడు.

ఆ తర్వాత పనికి దిగే ప్రతి బ్యాచ్‌కూ వాళ్ళ భాషలోనే చెప్పి, తిరిగి వాళ్ళ నోట చెప్పించుకునే పద్ధతి పెట్టాం. మంచి పద్ధతే. దానివల్ల ఆ సముద్రానికి ఒరిగిందేమీ లేదు. నేను నేర్చుకున్నది ఇంతే: పరాయి జీవిని నీటిలోకి రానివ్వకపోవడం ఒక్కటే పని. వచ్చాక మిగిలేది ఏటేటా గీకడమే.