కరెంట్ చూపించిన అయ్యవారు

మా ఇంగ్లీషు అయ్యవారు పోయారని మొన్న పొద్దున విడవలూరు బస్సు కండక్టరు చెప్పాడు. చేతిలో టీ గ్లాసు అక్కడే పెట్టేసి ఆ బస్సే ఎక్కాను.

ఆయన దగ్గర చదవడం అంత సులువు కాదు. ఇంగ్లీషు మాటకు పక్కన తెలుగు రాసుకుంటే ఒప్పుకునేవారు కాదు. "అర్థం పలక మీద ఉండదురా. అదుండే చోటికి మనమే పోవాల" అనేవారు. పోయి చూసేదాకా వదిలేవారూ కాదు, అంత మొండి మనిషి.

మా ఊరికి కరెంటు వచ్చిన ఏడు అది. ఇంగ్లీషులో కరెంట్ అంటే ఏమిటని అయ్యవారు అడిగితే, లైటని క్లాసంతా అరిచాం. "అదొకటే కాదు. గాలికీ ఉంది, నీళ్లకీ ఉంది" అన్నారు. గాలిది తేలిగ్గానే అయింది. వాకిట్లో దూదిపింజ వదిలి, అది పోయే దారి చూపించారు. నీళ్లదాని కోసం, ఏరు సముద్రంలో కలిసే చోటికి తీసుకుపోయారు.

అప్పుడు ఆటు, సముద్రం వెనక్కి తగ్గే వేళ. ఏటి నీళ్లు చప్పుడు లేకుండా సముద్రంలోకి దూసుకుపోతున్నాయి. అయ్యవారు పడవ మోకు ఒక కొస నడుముకు కట్టుకుని, రెండోది మా చేతుల్లో పెట్టారు.

"లాగబాకండి, లాగితే మునిగిపోతా. వదలబాకండి. గట్టెంబడి నాతోపాటు నడవండి. నీళ్లే నన్ను ఒడ్డుకు తెస్తాయి."

"పిల్లకాయల చేతిలో ప్రాణం పెడతారా?" అన్నారు మాతో వచ్చిన అమ్మగారు, ఆయన భార్య. ఆయన వినలేదు.

ఏట్లో నాలుగడుగులు వేశారో లేదో నీళ్లు ఎత్తుకుపోయాయి. భయంతో అందరం ఒక్కసారే లాగాం. ఆయన తల మునిగిపోయింది. మోకు అరచేతుల్ని కోస్తోంది, మనిషి కనిపించడం లేదు.

"లాగబాకండి, నడవండి నాయనా" అని ఏడుస్తూ అమ్మగారే మోకు పట్టుకుని ముందు నడిచారు. వెనకే నడిచాం. దూరాన ఇసుకమేట దగ్గర ఆయన దగ్గుతూ తేలారు.

ఊపిరి అందగానే, "ఇప్పుడు చెప్పండి, కరెంట్ అంటే ఏంది?" అన్నారు.

కమిలిన అరచేతులు చూపించాం. "చాలు" అన్నారు. అమ్మగారు మాత్రం ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు.

మొన్న ఆయన శవపెట్టెను మోకులు వేసి గోతిలోకి దించింది ఆ క్లాసు వాళ్లమే. పాదిరిగారి ప్రార్థన అయింది. పెట్టె అడుగుకు ఆనింది. అయినా ఎవరమూ మోకు వదల్లేదు.

అమ్మగారు వచ్చి నా చేతి మీద చెయ్యి వేశారు.

"ఇంక వదలండి నాయనా."

వదిలాం. సముద్రం పక్క నేల కదా, గోతి అడుగున అప్పుడే నీరు ఊరుతోంది. పైకి లాగిన మోకు కొసకు తడి ఇసుక అంటుకుని ఉంది.